షేర్డ్ ఫోల్డర్‌కు 777 కొట్టినా రెండ్రోజులకే మళ్లా రీడ్ ఓన్లీ ఎందుకైతది?

హనుమకొండల పెళ్లికార్డుల ప్రెస్, ఉబుంటు లినక్స్ సర్వర్ మీద సాంబా (ఫోల్డర్లను విండోస్, మ్యాక్‌లకు పంచే ప్రోగ్రాం), రెండు విండోస్, ఒక మ్యాక్. ఒకరు సేవ్ చేసింది ఇంకొకరికి రీడ్ ఓన్లీ అయితుందని అడిగిండ్రు. మీరు 777 (అంటే అందరికీ అన్ని హక్కులు) కొట్టిన ఫైలు ఇప్పుడు లేనే లేదు, గదే అసలు సంగతి.

పొద్దున ఒకాయన శుభలేఖ మ్యాటర్ వర్డ్‌ల తెరిచి ముహూర్తం మార్చి సేవ్ కొట్టిండనుకోండి. వర్డ్ పాత ఫైలు మీద రాయదు. పక్కన టెంపరరీ ఫైలు రాసి, పాతదాన్ని తప్పించి, కొత్తదానికి ఆ పేరే పెడతది. ఇప్పుడు ఓనర్ ఆయన, గ్రూపు ఆయన సొంతది, పర్మిషన్ సాంబా డిఫాల్ట్ మాస్క్ (కొత్త ఫైలు హక్కుల హద్దు) 0744 ప్రకారం. గ్రూపుకు చదువుడే తప్ప రాసుడు లేదు. మధ్యాహ్నం మ్యాక్ మీదున్నాయన ఇంటిపేరు దిద్దబోతే ఒప్పుకోదు.

అందుకే రూలు ఫోల్డర్‌కు పెట్టాలె. 'ప్రెస్' అని గ్రూపు చేసి, యూజర్‌మోడ్ మైనస్ ఏజీతోని అందరినీ కలపండి. ఆ 'ఏ' మర్చిపోతే పాత గ్రూపులన్ని పోతయ్, అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో సహా. ఫోల్డర్లన్నిటి గ్రూపు మార్చి 2775 (ఓనర్‌కు, గ్రూపుకు పూర్తి హక్కులు), ఫైళ్లకు 664 (ఓనర్‌కు, గ్రూపుకు చదువుడు, రాసుడు) పెట్టండి. ముందున్న 2 వల్ల కొత్త ఫైలుకు ఫోల్డర్ గ్రూపే వస్తది. సాంబా కాన్ఫిగ్‌ల క్రియేట్ మాస్క్ 0664, ఫోర్స్ డైరెక్టరీ మోడ్ 2775 రాసి, టెస్ట్‌పార్మ్ కొట్టి కాన్ఫిగ్‌ల తప్పుల్లేవని చూసుకుని, సాంబాను రీస్టార్ట్ చేయండి. విండోస్‌ల లాగాఫ్ అయి రాకుంటే పాత సెషనే నడవొచ్చు, మారలేదని మళ్లా 777 కొడతరు!

సర్వర్‌లనే హోం ఫోల్డర్ నుంచి ఎంవీ కమాండ్‌తోని జరిపిన ఫైలు పాత గ్రూపుతోనే వస్తది; కాపీ చేస్తే ఈ తిప్పలు లేదు. ఎవరూ డిలీట్ చేయకుండా స్టికీ బిట్ (ఎవరి ఫైలు వాళ్లే తీసేసేటట్టు చేసే గుర్తు) పెడతమంటరు కొందరు. వద్దు. ఒకరి ఫైలును ఇంకొకరు పక్కకు తప్పించలేరు కాబట్టి వర్డ్ సేవ్ అక్కడనే ఆగుతది. అందరికీ ఒక్కటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చి గోడకు రాసుకునే షాపులకు ఇదంతా ఉండదు, కాని ఏ ఫైలు ఎవరు తీసేసిండ్రో తేల్చుడు బ్రహ్మతరం గాదు.

ఇంకోటి. 'మైసమ్మ బోనాలు' ఫైలు కండ్లముందే ఉండి వెతికితే దొరకకుంటే అది పర్మిషన్ గాదు. పాత మ్యాక్ డిస్క్, అంటే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, ఐత్వాన్ని ('మై'ల ఉన్న గుర్తును) రెండు ముక్కలు చేసి దాస్తది. అట్ల వచ్చిన పేరు లినక్స్‌కు వేరే పేరే. ఫైలు పేర్లు మార్చే కన్వ్‌ఎంవీ టూల్‌ల, ముక్కలను కలిపే ఎన్‌ఎఫ్‌సీ ఆప్షన్‌తో సరిచేయండి. నోటెస్ట్ ఆప్షన్ కూడా పెట్టకుంటే ఊరికే చూపిస్తది, మార్చదు.