శరణార్థుల పిల్లలున్న బడిలో మావాణ్ని చేర్చమంటారా?

ప్రశ్న: మాది ఖమ్మం. మావారి ఉద్యోగం వల్ల అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్‌కి వచ్చి ఆరు నెలలైంది. బాబు తొమ్మిదో తరగతి. ఇంటి దగ్గర చార్టర్ హైస్కూలు ఉంది, ఫీజు లేదట. మనవాళ్లేమో ‘అక్కడంతా శరణార్థుల పిల్లలే, వద్దు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ ఊళ్లోనే అలాంటి బడిలో పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. అందుకే మీ ఉత్తరం రాగానే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఫీజు సంగతి. చార్టర్ స్కూలు ప్రభుత్వ బడే. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది మాత్రం ఆ బడి సొంత బోర్డు. అందులో ఒక టీచరు, పిల్లల తల్లో తండ్రో ఉండి తీరాలి. మార్కులు చూసి ఏరుకోకూడదు. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. ఈ చట్టం అమెరికాలో మొట్టమొదట వచ్చింది మీరున్న రాష్ట్రంలోనే, 1991లో. మొదటి బడి, సిటీ అకాడమీ, 1992లో మీ ఊళ్లోనే తెరిచారు, చదువు మధ్యలో ఆపేసిన పిల్లల కోసం.

ఇక శరణార్థుల మాట. నా తరగతిలో లావోస్ కొండజాతి హ్మాంగ్ పిల్లలు, బర్మాకి చెందిన కరెన్ జాతి పిల్లలు, ఆఫ్రికాలోని సోమాలియా మూలాలున్న సోమాలీ పిల్లలు ఉండేవాళ్లు. ఒక కరెన్ అమ్మాయి థాయ్‌లాండ్ శిబిరంలో పుట్టింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది తనొక్కతే. కరెంటు బిల్లు, ఆసుపత్రి కాగితాలు అమ్మకి చదివి చెప్పాకే హోంవర్కు. పొద్దున ఏడింటికే నా గది ముందు కూర్చునేది, ‘మూడో లెక్క రాలేదు’ అంటూ. వెనక బెంచీ సోమాలీ అబ్బాయి వచ్చి బోర్డు మీద చేసి చూపించేవాడు. తప్పు చేస్తే ఆ పిల్లే దిద్దేది. పదకొండో తరగతికల్లా, అంటే ఇక్కడ హైస్కూల్లో ఉండగానే, ఆమె డిగ్రీ కాలేజీ క్లాసులకి వెళ్లింది. ఆ రాష్ట్రంలో 1985 నుంచీ ఆ వీలుంది. పీఎస్ఈఓ అంటారు, ఫీజూ పుస్తకాల ఖర్చూ ప్రభుత్వానిదే. మీవాడికీ పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

మీవాడూ ఇప్పుడు కొత్తవాడే కదమ్మా. మాట తడబడితే నవ్వకుండా ఆగి వినే పిల్లలు నాకు ఎక్కువగా ఆ గదిలోనే కనబడ్డారు. వాళ్లని చూడకుండానే వద్దనేవాళ్ల మాట విన్నప్పుడు నాకు మనసు కష్టమవుతుంది.

అలాగని కళ్లు మూసుకుని చేర్చకండి. ఇవి చిన్న బడులు. పెద్ద మైదానం, బ్యాండు చాలాచోట్ల ఉండవు. టీచర్లు నిలవకపోవడం అన్నిటికన్నా పెద్ద లోటు. నేను పనిచేసిన చోట ఒక ఏడాది సంక్రాంతి లోపే ఇద్దరు లెక్కల టీచర్లు మానేశారు. పిల్లలు ఎంత నష్టపోయారో నా కళ్లతో చూశాను. అందుకే పోయినేడాది ఎంతమంది టీచర్లు వెళ్లిపోయారో సూటిగా అడగండి. బస్సు ఉందా, మీవాడి బాగోగులు చూసే టీచరు ఎవరు, ఆ ఒక్కరి కింద ఎంతమంది పిల్లలు అన్నదీ అడగండి.

మధ్యాహ్న భోజనం వేళకి వెళ్లండి. 2023లో చట్టం చేశారు, బడిలో టిఫినూ భోజనమూ అందరికీ ఉచితమే. ఆ హాల్లో కొత్త పిల్ల ఒంటరిగా కూర్చుందా, ఎవరైనా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారా చూడండి. బాబునీ తీసుకెళ్లండి. పావుగంట మీరు బయట ఉండి, వాణ్ని ఆ పిల్లలతో మాట్లాడనివ్వండి. ఇంటికొచ్చాక ఏమన్నాడో నాకు రాయండి.