మగవాళ్లు జుట్టు పెంచి జడ వేసుకుంటే బట్టతల వస్తుందా?

జడ వేసుకున్నంత మాత్రాన బట్టతల రాదు, కానీ బిగించి లాగి అల్లితే కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. నెలల తరబడి లాగుడు పడితే కుదుళ్లు దెబ్బతింటాయి. త్వరగా వదులు చేస్తే మళ్లీ మొలుస్తుంది, ఏళ్లు గడిస్తే మొలవకపోవచ్చు.

ఉదాహరణకు, హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ బండి నడిపే కుర్రాడు తలకు అంటుకునేలా పాయలు అల్లించుకుంటే నుదుటి అంచున నొప్పి, చిన్న చిన్న పొక్కులు రావచ్చు. అది హెచ్చరికే, తేలిగ్గా తీసుకోకూడదు. మెడ దగ్గర వదులుగా ఒక్క జడ చాలు, హెల్మెట్ కూడా సరిగ్గా కూర్చుంటుంది.

పొడుగు జుట్టు దాని బరువుకే ఊడిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజం కాదు. మగవాళ్లలో మామూలు బట్టతలకు కారణం వంశపారంపర్యం, హార్మోన్లు. క్రాఫ్ చేయించినా అది ఆగదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఎవరికైనా రాలతాయి, జడ విప్పినప్పుడు అన్నీ ఒకేసారి కనిపించి టెన్షన్ పెడతాయి.