డిక్కీ సంతకు బయలుదేరే మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య, అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకున్నాను కానీ, ఆ తరువాత నాకే తృప్తిగా లేకపోయింది. లండన్‌లోని హౌన్స్‌లో ప్రాంతంలో కొత్తగా కాపురం పెట్టిన మీకు వంటింటి సామాను మొదలుకొని బాబు సైకిలు వరకు ఎన్నో కొనవలసి ఉందనీ, మరోపక్క వాడికి పొట్టివైపోయిన బట్టలతోనూ ఆడి వదిలేసిన బొమ్మలతోనూ అప్పుడే అటకంతా నిండిపోయిందనీ, ఈ రెంటికీ ఆదివారం కార్ బూట్ సేల్ ఒక దారి అవుతుందా అనీ అడిగావు. తప్పకుండా అవుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో కొనేవాడిగానూ అమ్మేవాడిగానూ ఆ మైదానాలలో తిరిగి నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను; తీరిక చూసుకొని అల్లుడుగారితో కలిసి చదువు.

మనం డిక్కీ అనేదాన్ని ఇక్కడివారు బూట్ అంటారు. ఇంట్లో అక్కర తీరిన వస్తువులను డిక్కీలో వేసుకొని, తెల్లవారుజామునే ఒక పొలానికో, బడి ఆవరణకో, గుర్రప్పందేల మైదానానికో వచ్చి, కారు వెనుక మడత బల్ల వేసుకొని అమ్మి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరే సంత ఇది. ఒకరు వాడినది మనకెందుకన్న సంకోచం మీ అమ్మకు ఉన్నదని నాకు తెలుసు. అయితే పాత చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసుకున్న ఇల్లే మనదీ. ఆబిడ్స్ కాలిబాటల మీద ఆదివారంనాడు ఏరుకున్న పాత పుస్తకాలతోనే నా చదువు సగం గడిచింది. కడిగితే శుభ్రపడే వస్తువు విషయంలో ఆ సంకోచం పెట్టుకోనక్కరలేదని అక్కయ్యకు నేనే చెబుతాను.

పొలాలలో జరిగే సంతలు సాధారణంగా ఈస్టరు పండుగ నాటికి మొదలై శరదృతువు రాగానే ఆగిపోతాయి, గట్టి వాన కురిస్తే ఆ వారానికి రద్దవుతాయి. పైగా ఇంగ్లండులో ప్రణాళికా విభాగం అనుమతి ప్రత్యేకంగా తీసుకోకుండా ఒక స్థలంలో ఏడాదికి 14 రోజులకు మించి సంత జరపకూడదన్న నియమం ఉన్నందువల్ల, కిందటి వారం కిటకిటలాడిన పొలం ఈ వారం గొర్రెల మందతో కనిపించవచ్చు. అందుచేత బయలుదేరే ముందు నిర్వాహకుల ప్రకటన చూసుకోవడం అలవాటు చేసుకో. మీకు దగ్గరలో చిజిక్ బడి ఆవరణలో జనవరి తప్ప ప్రతి నెలా మొదటి ఆదివారం జరిగే సంత మొదటిసారి వెళ్లేవారికి అనువైనది. కెంప్టన్ పార్కు పందేల మైదానంలో నెలకు రెండు మంగళవారాలు జరిగేది పురాతన వస్తువుల వ్యాపారుల సంత. కన్ను కుదిరేవరకు అటు వెళ్లవద్దు.

ఇక కొనడం సంగతి. అన్నిటికంటే ముందుగా నువ్వు గ్రహించవలసినదేమంటే, ఇక్కడ రసీదు ఉండదు, వచ్చే వారం ఆ మనిషి అక్కడ ఉంటాడన్న నమ్మకమూ ఉండదు. తన ఇంటి వస్తువు అమ్ముకునే మామూలు మనిషి దగ్గర కొన్నప్పుడు, దుకాణంలో కొన్న వస్తువుకు ఉండే నాణ్యత హక్కులు నీకు వర్తించవు. ఆ వస్తువు అతడు చెప్పినట్టుగా ఉండాలి, దాన్ని అమ్మే హక్కు అతడికి ఉండాలి, అంతవరకే చట్టం నీ పక్షాన నిలుస్తుంది. చెప్పినట్టుగా ఉండాలన్నప్పుడు ముందు అతడిచేత చెప్పించాలి కదా! కనుక మొహమాటపడకుండా, ఇది పనిచేస్తున్నదా, ఏ భాగమైనా పోయిందా, ఎందుకు అమ్ముతున్నారు అని ఈ మూడూ అడుగు. అడిగితే ఎక్కువమంది నిజమే చెబుతారని నా అనుభవం. నేను మొదటి వేసవిలో అడగకుండానే ఒక కుట్టు మిషను కొని, బస్సులో ఒళ్లో పెట్టుకొని ఇంటికి తెచ్చాక చూస్తే, దాని చక్రం అరచుట్టు తిరిగి బిగుసుకుపోయింది. అమ్మిన పెద్దావిడ అబద్ధమాడలేదు. నేను అడగనూ లేదు, చేత్తో ఒక్కసారి తిప్పి చూడనూ లేదు.

వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం, కొలత టేపు, రెండు మూడు రకాల బ్యాటరీలు, చిన్న భూతద్దం సంచిలో వేసుకో. మీ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉన్నదన్నావు కనుక, గిన్నె అడుగుకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంటేనే అది మీకు పనికొస్తుంది. ఇనుప పెనాలు, మందపాటి గాజు పళ్లేలు, స్టీలు డబ్బాలు నిస్సందేహంగా కొనవచ్చు. ప్రెషర్ కుక్కరు మాత్రం మూత బిగిసే తీరు, విజిలు, సేఫ్టీ వాల్వు స్వయంగా చూసుకొని, దాని గాస్కెట్ దొరుకుతుందని తెలిస్తేనే తీసుకో. విద్యుత్ పరికరమైతే తీగ ఎక్కడా చిట్లలేదనీ, ప్లగ్గు పిన్నుల చుట్టూ కాలిన గోధుమ రంగు మచ్చ లేదనీ చూడు. బొమ్మల్లో బ్యాటరీ వేసి అక్కడే ఆడించి చూడు. సైకిలు కొంటే పెడళ్ల ఇరుసు కింద ఫ్రేము మీద చెక్కిన సంఖ్య చెరిపేసి ఉన్నదేమో గమనించు. చెరిపేసి ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయి.

ఈ చివరి మాటకు కారణం ఉన్నది. ఇంగ్లండులో వందల ఏళ్ల పాటు ఒక న్యాయం నడిచింది: ఆచారంగా నడిచే బహిరంగ సంతలో, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య, చిత్తశుద్ధితో కొన్న వస్తువు దొంగసొత్తే అయినా కొన్నవాడికే చెందేది. 1995 జనవరి 3న ఆ న్యాయం రద్దయింది. ఇప్పుడు నువ్వు తెలియక కొన్నా, అసలు యజమాని వస్తే వస్తువు ఇచ్చివేయవలసిందే, డబ్బు పోయినట్టే. చేతి ఫోన్లను నేను అక్కడ ఎప్పుడూ కొనకపోవడానికి ఇదే కారణం. ధర ఎంత తక్కువైనా బాబుకు కారు సీటును, సైకిలు హెల్మెట్‌ను సంతలో కొనవద్దని మరీ మరీ చెబుతున్నాను. ప్రమాదంలో ఒకసారి దెబ్బ తిన్న సీటుకు బయట గీత కూడా పడకపోవచ్చు, లోపల మాత్రం బలం పోయి ఉంటుంది. ఆ రెండూ దుకాణంలో కొత్తవే కొనండి. డబ్బు సరిపోకపోతే నాకు చెప్పు.

మన ఆడవాళ్ల చూపు వెండి మీదికి పోవడం సహజం. ఇక్కడి వెండి మీద నడుస్తున్న సింహం ముద్ర ఉంటే అది నూటికి 92.5 పాళ్ల వెండి. దాని పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో, చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్షించినట్టు. ఈ.పీ.ఎన్.ఎస్. అన్న నాలుగు అక్షరాలు ఉంటే అది వెండి పూత మాత్రమే, లోపలిది వేరే లోహం. బంగారం మీద 375 అని ఉంటే తొమ్మిది క్యారట్లు. మనం 916 చూసి కొనే అలవాటు ఉన్నవాళ్లం కనుక, ఆ తేడా గుర్తుపెట్టుకొని ధర ఆలోచించు. నీకు ఎవరో ఒక ఉంగరం కథ కూడా చెప్పే ఉంటారు. అది నిజమే: 1980లలో మీ ఇంటికి దగ్గరలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి ఆవరణలో జరిగిన బూట్ సేల్‌లో ఒకావిడ 10 పౌండ్లకు కొన్న ఉంగరంలోని రాయి 26 క్యారట్ల వజ్రమని చాలా ఏళ్లకు తెలిసి, 2017 జూన్‌లో సోథబీస్ వేలంలో 6,56,750 పౌండ్లకు అమ్ముడుపోయింది. పాతకాలపు సాన కావడం వల్ల ఆ రాయి ఇప్పటి వజ్రాల్లా మెరవక, ఉత్త గాజనుకున్నారు. అయినా ఆవిడ అది నచ్చి, పెట్టుకోవడానికి కొన్నదే తప్ప వజ్రమని కొనలేదు. ఆ కథ తలచుకొంటూ వెళ్లేవారు అక్కరలేని నగలతో తిరిగి రావడం నేను చాలాసార్లు చూశాను.

బేరం ఆడవచ్చు, ఆడాలి కూడా. అయితే మన బజార్లలోలాగా సగానికి సగం అడిగితే ఇక్కడివారు నొచ్చుకొని మాట ఆపేస్తారు. పది పౌండ్లన్నదానికి ఏడుకు ఇస్తారా అని చిరునవ్వుతో అడుగు. అదే బల్ల మీద మూడు వస్తువులు ఎంచుకొని మొత్తానికి ఒక ధర అడిగితే ఇంకా బాగా తగ్గుతుంది. ఇంకొకరు చేతిలో పట్టుకొని చూస్తున్న వస్తువుకు, వారు కింద పెట్టేవరకు, నువ్వు ధర అడగకూడదు. ఇది అక్కడి మర్యాద. చిల్లర నాణేలు, ఐదు పౌండ్ల నోట్లు దగ్గర ఉంచుకో. 50 పౌండ్ల నోటు తీస్తే ఎవరూ సంతోషించరు.

అమ్మడానికి వెళ్లే రోజు పని ముందు రాత్రే మొదలవుతుంది, అందులో అసలైన పని ప్రతి పెట్టెనూ తెరిచి, ప్రతి జేబునూ తడిమి చూడడం. ఇది నేను ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో విను. మేము ఇల్లు మారిన ఏడాది, పాత గిన్నెల పెట్టెలు నాలుగు డిక్కీలో వేసుకొని ఒక పొలానికి వెళ్లాము. కారు ఆపీ ఆపకముందే, టార్చి లైట్లు పట్టుకొన్న వ్యాపారులు ఐదారుగురు చుట్టుముట్టి, డిక్కీలోకే చేతులు పెట్టి వస్తువులు తీయసాగారు. ఆ కంగారులో ఒకాయన రెండు పౌండ్లు చేతిలో పెట్టి ఒక పెట్టె మొత్తంగా తీసుకువెళ్లిపోయాడు. మీ అత్తయ్యకు వాళ్లమ్మ పెళ్లినాడు ఇచ్చిన వెండి కుంకుమ భరిణె, మాసిపోకుండా గుడ్డలో చుట్టి దాచినది, ఆ పెట్టె అడుగున ఉన్నదని సాయంత్రం ఇంటికి వచ్చాక తెలిసింది. మళ్లీ నాలుగు ఆదివారాలు అదే పొలానికి వెళ్లి వెదికాము. ఆయన కనిపించలేదు. ఆయన తప్పేమీ లేదు, అమ్మింది నేను. అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు, అందువల్లనే ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి చేరగానే డిక్కీ తెరవవద్దు. ముందు బల్ల వేసి, దుప్పటి పరిచి, ఊపిరి తీసుకొని, అల్లుడుగారు డబ్బు చూసుకుంటుంటే నువ్వు ఒక్కొక్కటిగా తీసి పెట్టు. ఇద్దరు ఉండడం చాలా అవసరం. డబ్బు డబ్బాలో కాకుండా నడుముకు కట్టుకొనే సంచిలో ఉండాలి. తెల్లవారుజామున ఎగబడి అడిగేవారికి నువ్వు అనుకున్న ధరకంటే తక్కువకు ఏదీ ఇవ్వకు, ఎందుకంటే వారు తిరిగి అమ్ముకోవడానికే కొంటారు. పదకొండు గంటల తరువాత మాత్రం ధర పట్టుకొని కూర్చోవద్దు. బాబు బట్టలు వయసువారీగా కట్టలు కట్టి చీటీ అంటించు. లోపమున్న వస్తువుకు ఆ లోపాన్ని చీటీ మీద నువ్వే రాయి. చక్రం వదులుగా ఉన్న బొమ్మ కారును కూడా అలా రాసి పెడితే కొన్నవారు ఉన్నారు.

పన్ను గురించి అల్లుడుగారు అడిగారు. సొంతంగా వాడుకున్న ఇంటి సామాను అమ్ముకోవడం వ్యాపారం కాదు, మామూలుగా దానికి పన్ను లేదు. అమ్మడం కోసమే కొని అమ్మితే అది వ్యాపారం. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు ఆ రాబడి మొత్తం 1,000 పౌండ్లు దాటితే పన్ను శాఖకు తెలపాలి. మీ పై అంతస్తులో ఉండే మన కుర్రాళ్లకు ఇంకొక మాట చెప్పు: విద్యార్థి వీసా మీద ఉన్నవారికి సొంత వ్యాపారం చేసే అనుమతి లేదు. తమ వస్తువులు తాము అమ్ముకోవడం వేరు. ప్రతి వారం కొని తెచ్చి లాభానికి అమ్మడం వేరు. సరదాగా మొదలైన పని చదువుకే ముప్పు తేకూడదు.

అమ్ముడుపోనివి పొలంలో వదిలి రావద్దు. దారిలో ఏదైనా ఛారిటీ దుకాణంలో, వారు తీసుకుంటామంటేనే, ఇచ్చి రండి. వచ్చే నెల మొదటి ఆదివారం చిజిక్‌కు ముందు కొనేవాళ్లుగానే వెళ్దాం, అమ్మడం ఆ తరువాతి నెలకు పెట్టుకుందాం. అత్తయ్య పులిహోర చేసి తెస్తానంటున్నది. మీరు ఫ్లాస్కులో టీ, బాబుకు రబ్బరు బూట్లు మరచిపోకండి; నా మడత బల్ల ఆ రోజే మీ కారులో వేసేస్తాను.

ఇట్లు,
మీ మామయ్య