అమ్మ వచ్చినా సరే, డేకేర్‌లో పేరు రాయించు

స్వాతీ,

నిన్న ఫోన్‌లో “డేకేర్ సంగతి డెలివరీ అయ్యాక చూద్దాంలే పిన్నీ, ముందు అమ్మ వస్తోందిగా” అన్నావు చూడు, అప్పటినుంచీ నాకు మనసు కుదుటపడలేదు. అమెరికాలో, ఈ టెక్సాస్ ప్లేనోలోనే ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఇంకా నాలుగో నెలే కదా అనుకోకుండా ఈ వారమే నాలుగైదు చోట్ల వెయిట్‌లిస్టులో పేరు రాయించు. టెక్సాస్‌లో ఒక్క టీచరు చూసుకునే చోట ఏడాదిలోపు పిల్లలు నలుగురికి మించకూడదు. అందుకే పసిపిల్లల గదిలో సీట్లు తక్కువ, ఫీజు ఎక్కువ.

అక్కయ్య వస్తుంది, నిజమే. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, ఆ తర్వాత మీ అత్తగారు ఇంకో ఆరు నెలలు అని మీరిద్దరూ లెక్క వేసుకున్నట్టున్నారు. మేమూ అలాగే వేసుకున్నాం. టికెట్ కొన్నాక మా అత్తగారు గుంటూరులో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు, నా సెలవు అయిపోయింది, నాలుగు రోజుల్లో ఎక్కడ దొరికితే అక్కడ పెద్దాణ్ణి దింపి, పార్కింగ్‌లో కారులోనే కూర్చుని ఏడ్చాను. పైగా అక్కయ్యకు మోకాళ్ల నొప్పులు, కారు నడపదు, మీరు ఆఫీసుకెళ్తే సాయంత్రం దాకా పలకరించే మనిషి ఉండదు. నీకు పథ్యం వండిపెట్టడానికి, బిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోయడానికి రమ్మను. రోజుకు పది గంటలు ఆవిడ ఒక్కదాని మీదే వదిలెయ్యకు.

సెలవు గురించి హెచ్ఆర్‌ను ఇప్పుడే అడుగు. దేశమంతటికీ వర్తించే 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం (ఎఫ్ఎంఎల్ఏ) ప్రకారం 12 వారాలు ఉద్యోగం పోకుండా ఉండొచ్చు, జీతం మాత్రం రాదు, అదీ 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న కంపెనీలో ఏడాది పనిచేసి ఉంటేనే. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో రాష్ట్రమే కొంత డబ్బు ఇస్తుంది, టెక్సాస్‌లో అది లేదు. డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ, అంటే పిల్లల సంరక్షణ ఖర్చుకు జీతంలోంచి డబ్బు పక్కన పెట్టుకునే ఖాతా, ఉందేమో కూడా అడుగు, 2026 నుంచి ఇంటికి ఏడాదికి 7,500 డాలర్ల దాకా టాక్స్ పడకుండా డేకేర్‌కు కట్టుకోవచ్చు.

చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీద బొమ్మలు చూసి మురిసిపోకు. ఏడ్చే బిడ్డను ఎంతసేపటికి ఎత్తుకుంటున్నారో నిలబడి చూడు, టీచర్లు ఎన్నేళ్లనుంచి అక్కడ ఉన్నారో అడుగు. రాష్ట్రం వెబ్‌సైట్‌లో ప్రతి లైసెన్సు డేకేర్ తనిఖీ రిపోర్టూ ఉంటుంది, పిల్లల్ని పడుకోబెట్టే విషయంలో తప్పులు రాసి ఉంటే ఆ వైపు వెళ్లొద్దు. జ్వరం వస్తే, మందు వెయ్యకుండా 24 గంటలు తగ్గి ఉంటేగానీ చాలా చోట్ల మళ్లీ రానివ్వరు. ఆ రోజు సెలవు ఎవరు పెట్టాలో నువ్వూ కార్తీకూ ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో ఆ గొడవ చాలా ఏళ్లు నడిచింది.

డెలివరీ సెప్టెంబరు మొదటి వారం అన్నావు. ఇక్కడ సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండితేనే ఆ ఏడు కిండర్‌గార్టెన్, అంటే ఒకటో తరగతికి ముందు బడి. ఒక్కరోజు అటైనా ఇంకో ఏడాది డేకేర్ ఫీజు, ఆ డబ్బు లెక్కలో పెట్టుకో.

మన వాళ్లలో చాలామందికి తెలియని సంగతొకటి ఉంది. నాలుగేళ్ల బిడ్డకు ఇంగ్లీషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోతే, మీ జీతాలు ఎంతైనా సరే, టెక్సాస్ ప్రభుత్వ బడిలో ఉచిత ప్రీ-కేకు, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది తరగతికి, అర్హత ఉంటుంది. కాబట్టి ఇంగ్లీషు రాదేమోనని టెన్షన్ పడకుండా ఇంట్లో హాయిగా తెలుగు మాట్లాడండి, బడి ఫారంలో ఇంటి భాష తెలుగు అనే రాయండి.

ఇక ఇది జాగ్రత్తగా చదువు. మా చిన్నాడికి రెండేళ్లు దాటినా మాటలు రాలేదు. మగపిల్లలకు ఆలస్యమేనని ఒకరు, ఇంట్లో రెండు భాషలు కదా అని ఇంకొకరు చెబుతుంటే విని ఎనిమిది నెలలు ఊరుకున్నాను. మాటలో, నడకలో వెనకబడిన మూడేళ్లలోపు పిల్లలకు సాయం చేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ అని దేశమంతా ఉంది, టెక్సాస్‌లో ఈసీఐ అంటారు. డాక్టరు చీటీ లేకుండా తల్లే ఫోన్ చేసి అడగొచ్చు, పరీక్ష ఉచితం. మూడు నిండితే మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ను, అంటే మీ ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థను, అడగాలి, అప్పుడు ఆ పరీక్ష చెయ్యడం వాళ్ల బాధ్యత. థెరపిస్టు మా ఇంటికే వచ్చి, హాల్లో నేల మీద కూర్చుని వాడితో బంతి ఆడుతూ “ఇవ్వు” అనిపించింది. తెలుగులోనే. ఆ మాట విన్న రోజు, పోగొట్టుకున్న ఎనిమిది నెలలూ గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు. నీ బిడ్డ విషయంలో ఏ చిన్న అనుమానం వచ్చినా అదే వారం ఫోన్ చెయ్యి, ఎవరేమనుకున్నా సరే.

శుక్రవారం నేను సెలవు పెట్టాను. రెండు డేకేర్లకు ఫోన్ చేసి చూడటానికి టైం తీసుకున్నా, పదింటికి వస్తాను, ఏదైనా తిని రెడీగా ఉండు.

పిన్ని