బ్రోగ్ ఆడాలా, షాటర్డ్ పిక్సెల్ డంజన్ ఆడాలా?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. డిగ్రీ రెండో సంవత్సరం. మా మామ వాడి పక్కన పెట్టిన లాప్‌టాప్ ఒకటి ఉంది, 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఫోన్‌లో షాటర్డ్ పిక్సెల్ డంజన్ అని, నేలమాళిగలో అంతస్తులు దిగుతూ రాక్షసులతో పోరాడే ఆట మొదలుపెట్టినా గానీ ఐదో అంతస్తులో గూ అనే పెద్ద రాక్షసి చేతిలో చస్తానే ఉన్నా. నా ఫ్రెండేమో అలాంటిదే కంప్యూటర్ ఆట బ్రోగ్ ఆడు, అదే అసలైన ఆట అంటాడు. తెరిచి చూస్తే బొమ్మల బదులు అన్నీ అక్షరాలే! చచ్చినప్పుడల్లా మొదటికి రావాలంటే విసుగొస్తోంది. దేనికి టైమ్ పెట్టాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తమ్ముడూ, లాప్‌టాప్ ఉంది కాబట్టి బ్రోగ్ ఆడు. నీ లాప్‌టాప్‌కు అది బరువే కాదు. అభిమానులు నడుపుతున్న కమ్యూనిటీ ఎడిషన్ దించుకో, ఉచితం. అక్షరాలు నచ్చకపోతే కీబోర్డులో పెద్ద జీ (G) నొక్కు, బొమ్మలొస్తాయి.

ముందు గూ సంగతి చూద్దాం. అది నీళ్లలో ఉన్నంతసేపు దాని గాయాలు మానిపోతూ ఉంటాయి. పొడి నేల మీదికి లాగి కొట్టు. ఒళ్లు ఉబ్బించడం మొదలుపెట్టిందంటే కొట్టడం ఆపి దూరం జరుగు, ఆ తర్వాత పడేది మామూలు దెబ్బ కాదు. రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తు లోపు ఒక దయ్యం కనిపిస్తుంది. అది అడిగిన పని చేసిపెడితే ఆయుధమో కవచమో ఇస్తుంది. అది తీసుకోకుండా ఐదుకు దిగొద్దు.

ఈ రెండు ఆటలూ చుట్టాలే. 1980 నాటి రోగ్ అనే కంప్యూటర్ ఆట వీటికి మూలం. బ్రయన్ వాకర్ 2009లో బ్రోగ్ తెచ్చాడు. దాని ప్రభావంతోనే ఓలెగ్ డోల్యా 2012లో ఫోన్ కోసం పిక్సెల్ డంజన్ చేశాడు. 2014లో ఆయన దాని కోడ్ అందరికీ ఇచ్చేస్తే ఎవన్ డెబెన్‌హామ్ దాన్ని పెంచి షాటర్డ్ చేశాడు. రెండిట్లోనూ 26 అంతస్తులు దిగి తాయెత్తు పట్టుకోవాలి.

తేడా ఎక్కడంటే, షాటర్డ్‌లో ఎలుకను చంపినా అనుభవం పెరుగుతుంది. బ్రోగ్‌లో చంపినందుకు ఏమీ రాదు, అక్కడ అనుభవంతో పెరిగే లెవెల్ అనేదే లేదు. నువ్వు 40 ప్రాణంతో మొదలవుతావు. ఓగర్ అనే రాక్షసుడి దెబ్బకు 9 నుంచి 13 పోతుంది, అంటే నాలుగైదు దెబ్బల్లో నీ పని అయిపోయింది. దానికేమో 55 ప్రాణం. ఎదురుపడి కొట్టుకోవడం నష్టమని లెక్కే చెబుతోంది. అందుకే తప్పించుకోవడం, తలుపు సందులో నిలబడి ఒక్కొక్కరినే రానివ్వడం, ఎండుగడ్డిలోకి గోబ్లిన్లనే రాక్షసులను రప్పించి నిప్పంటించే సీసా విసరడం... ఇదే ఆట. నాకు బ్రోగ్ మీద ఇంత ప్రేమ ఉండేది ఇందుకే. గడ్డి మండుతుంది, బురదగుంటల గ్యాస్ పేలుతుంది, లోతు నీళ్లలో దిగితే సంచిలోని వస్తువులు కొట్టుకుపోతాయి. ఈ నియమాలు నీకూ, రాక్షసులకూ ఒకటే.

పైగా ఏదీ దాచదు. రాక్షసి మీద మౌస్ పెడితే అది నిన్ను కొట్టే అవకాశం ఎంత శాతమో, ఎన్ని దెబ్బల్లో నిన్ను చంపగలదో రాసి చూపిస్తుంది. మ్యాప్ ప్రతిసారీ కొత్తది గానీ గోబ్లిన్ మంత్రగాడు మళ్లీ అదే. వాడు పిలిచే కత్తులు కాసేపటికే మాయమవుతాయని నువ్వు ఒకసారి తెలుసుకుంటే మూల తిరిగి దాక్కోవచ్చు. నువ్వు మొదటికి వస్తున్నానంటున్నావు గానీ, ఈ తెలివితో వస్తున్నావు కదా.

కొన్ని జాగ్రత్తలు చెబుతా. పేరు తెలియని స్క్రోల్‌ను, అంటే మంత్రం రాసిన కాగితపు చుట్టను, చుట్టూ శత్రువులు లేనప్పుడే చదువు. తెలియని మందు ఒకే రకం రెండు మూడు పోగైతే అది మంచిదయ్యే అవకాశమే ఎక్కువ. చెడ్డదని తేలినదాన్ని పారేయొద్దు, విసరడానికి పనికొస్తుంది. వస్తువు బలాన్ని పెంచే ఎన్‌చాంటింగ్ స్క్రోల్స్ అన్నీ ఒకే వస్తువు మీద పెట్టు, తలా ఒకటి పంచితే కింది అంతస్తుల్లో ఏదీ నిలబడదు. సంకెళ్లతో కట్టేసిన బందీ కనిపిస్తే వీలైనంతవరకూ విడిపించు. తోడు ఒకరున్న ఆట వేరే!

షాటర్డ్‌ను మాత్రం ఫోన్‌లోంచి తీసేయొద్దు. వేలితో ఆడటానికి అంత చక్కగా కుదిరిన రోగ్‌లైక్ (రోగ్ తరహా ఆట) నేను ఇంకోటి చూడలేదు. ప్రకటనలు లేవు, ఆరు రకాల వీరులున్నారు. అనంతపురంలో కడప బస్సెక్కితే తాడిపత్రి దాకా నాకు అదే తోడు. మనం కదిలేదాకా అందులో ఏదీ కదలదు కాబట్టి మధ్యలో కండక్టర్ వచ్చినా ఇబ్బంది లేదు.

ఒక పని చెయ్యి. బ్రోగ్‌లో సీడ్ నంబరు, అంటే మ్యాప్ ఎలా రావాలో నిర్ణయించే అంకె, ఇచ్చి ఆట మొదలుపెట్టొచ్చు. షాటర్డ్‌లో అయితే ఒకసారి గెలిచాకే ఆ వీలు. నువ్వూ నీ ఫ్రెండూ ఒకే నంబరు పెట్టుకోండి, ఇద్దరికీ అవే గదులు, అవే వస్తువులు వస్తాయి. ఎవరు ఎన్‌చాంటింగ్ స్క్రోల్స్ దేని మీద పెట్టారో, ఎక్కడ చచ్చారో పోల్చి చూసుకుని నాకు రాయండి.