సేవారంగంలోకి వెళ్తానంటున్న అమ్మాయి, నిద్రపట్టని అమ్మ

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. మార్కులు బాగానే వస్తాయి. అందరిలా ఉద్యోగాలకు అప్లై చెయ్యకుండా మానవతా సహాయ సంస్థల్లోనో, కమ్యూనిటీ డెవలప్‌మెంట్‌లోనో పనిచేస్తానంటోంది. లేదంటే సామాజిక మార్పు కోసం పనిచేస్తానంటుంది. ఈ మూడింటికీ తేడా ఏమిటో, ఏది నయమో పోల్చి చెప్పండి. విదేశంలో రెండు వారాల వాలంటీర్ ట్రిప్ ఒకటి ఉందట. దానికి పంపిస్తే ఆ ముచ్చట తీరిపోతుందని అనుకుంటున్నాం. మీరే నచ్చజెప్పి మాన్పిస్తే ఇంకా మంచిది. ఇది దానికి తెలియకుండా రాస్తున్నాను. రేపు మేం లేని రోజున దానికి దిక్కెవరు అనుకుంటే నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది పోలిక. కానీ మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. పిల్లలు మారతారు, కోర్సులు మారతాయి, ఆ చివరి వాక్యం మాత్రం మారదు. అందుకే ముందు దానికే జవాబు చెప్తాను.

మీ భయం ఊరికే పుట్టింది కాదు. ఈ రంగానికి పునాది వేసిన మనిషి జీవితంలోనే అది ఉంది. హెన్రీ డ్యునాంట్ స్విట్జర్లాండ్ వ్యాపారి. 1859లో తన వ్యాపారం పని మీద ఫ్రాన్స్ చక్రవర్తిని కలుద్దామని ఉత్తర ఇటలీ వెళ్లాడు. అప్పుడే సోల్ఫెరినో యుద్ధం జరిగింది. గాయపడ్డ సైనికులు వేలమంది, చూసేవాళ్లు లేక పడి ఉన్నారు. వచ్చిన పని పక్కనపెట్టి, ఊరి ఆడవాళ్లను కూడగట్టి, గాయపడ్డవాళ్లకు నీళ్లు తాగించి కట్లు కట్టించాడు. ఆ అనుభవం నుంచే 1863లో రెడ్‌క్రాస్ పుట్టింది. 1867లో ఆయన దివాలా తీశాడు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి అందుకునేనాటికి ఆయన ఉంటున్నది ఒక చిన్న ఊరి ఆస్పత్రి గదిలో. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇలాంటి కథే.

అయితే ఒకటి చూడండి. ఆయనకు ఆ పనికి జీతమిచ్చేవాళ్లు లేరు. అసలు అది ఉద్యోగమే కాదప్పుడు. ఇప్పుడు అదే రెడ్‌క్రాస్‌లో అకౌంటెంట్లు, నీటి ఇంజనీర్లు, గోదాములు చూసేవాళ్లు నెలజీతానికి పనిచేస్తున్నారు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో ఏర్పాటైంది. పేరులో వాలంటీర్ అని ఉన్నా, నెలనెలా జీవన భత్యం ఇస్తారు, ఆరోగ్య బీమా ఉంటుంది. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు విడిగా ఒక విభాగమే ఉంది. కార్పొరేట్ ఉద్యోగంలో వచ్చినంత మొదట్లో రాదు, ఆ మాట నిజం. కానీ ఒద్దికగా, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతకడానికి సరిపోతుంది. అలా బతుకుతున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

చదివిన చదువు బూడిదలో పోసిన పన్నీరవుతుందన్న బెంగ కూడా మీలో ఉన్నట్టుంది. దానికి జవాబు ఫజ్లే హసన్ ఆబెద్. ఆయన నౌకా నిర్మాణం చదవడానికి గ్లాస్గో వెళ్లాడు. అది మధ్యలో వదిలేసి లండన్‌లో కాస్ట్ అకౌంటెన్సీ పూర్తిచేశాడు. తర్వాత షెల్ చమురు కంపెనీలో ఫైనాన్స్ విభాగం చూసే పెద్ద ఉద్యోగం, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో. 1970 నవంబరు తుఫాను అక్కడి తీరంలో లక్షల మందిని బలి తీసుకుంది. మరుసటి ఏడాది బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం. 1972లో, తిరిగొచ్చిన శరణార్థుల కోసం బంగ్లాదేశ్‌లో ఒక మూలన చిన్న సహాయ కార్యక్రమం మొదలుపెట్టాడు. అదే బ్రాక్. ఇవాళ ప్రపంచంలోని అతి పెద్ద స్వచ్ఛంద సంస్థల్లో అదొకటి.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం 1980లలోది. అప్పట్లో అక్కడ విరేచనాలతో పసిపిల్లలు చనిపోయేవారు. మందు కష్టమైంది కాదు: నీళ్లు, మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం. దాన్ని సరిగ్గా కలపడం తల్లులకు నేర్పాలి. బ్రాక్ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు, పదేళ్లలో కోటికి పైగా ఇళ్లకు వెళ్లారు. వాళ్లకు జీతం ఎలా కట్టారో తెలుసా? ఎన్ని ఇళ్లు తిరిగారన్నది లెక్క కాదు. కొన్నాళ్లయ్యాక వేరేవాళ్లు కొన్ని ఇళ్లకు వెళ్లి, చెప్పినవాటిలో ఆ తల్లికి ఎన్ని గుర్తున్నాయో అడిగేవారు. ఎంత గుర్తుంటే నేర్పినవాళ్లకు అంత జీతం. ఈ పద్ధతి జమాఖర్చుల పుస్తకంతో కుస్తీ పట్టిన మనిషికి తట్టేదే అని నాకనిపిస్తుంది. మీ అమ్మాయి చదువుతున్నది కూడా ఆ చదువే కదా.

ఇప్పుడు ఆ ట్రిప్ సంగతి. ‘ఆ ముచ్చట తీరిపోతుంది’ అని రాశారు చూడండి, అక్కడ నాకు బాధేసింది. కోపం కూడా వచ్చింది. అమ్మాయి ఒక వృత్తి గురించి చెప్తుంటే, మీరు దాన్ని బొమ్మ కోసం మారాం చేస్తున్నట్టు చూశారు. పైగా ఆ ముచ్చట తీర్చడానికి ఎవరో పేదవాళ్ల పిల్లలు కావాలి!

కొంతకాలం కిందట ఒక కుర్రాడు ఇలాంటి ట్రిప్ సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మంచి పిల్లాడు. ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఏడెనిమిదేళ్ల పాప అతని మెడ చుట్టూ చేతులేసి వేలాడుతూ నవ్వుతోంది. పాప పేరేమిటి అని అడిగాను. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు, పేరు అందులోనే ఎక్కడో కనబడుతుందన్నట్టు. ‘చాలామంది పిల్లలుండేవాళ్లు మేడం’ అన్నాడు చివరికి. ఏం నేర్పించావు అంటే ఇంగ్లిష్‌లో రంగుల పేర్లన్నాడు. వాళ్లకు అంతకుముందే వచ్చట, ముందు బ్యాచ్ వాళ్లు కూడా అవే నేర్పించి వెళ్లారు. ఆ మాట చెప్పాక అతని ముఖం చిన్నబోయింది. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఇందులో చిన్నబోవడంతో పోని నష్టం కూడా ఉంది. కంబోడియాలో 2005 తర్వాత ఐదేళ్లలో అనాథాశ్రమాలు దాదాపు 75 శాతం పెరిగాయని యూనిసెఫ్ బయటపెట్టింది. అనాథలు పెరగలేదు, చూడటానికి వచ్చే విదేశీయులూ వాళ్లిచ్చే విరాళాలూ పెరిగాయి. ఆ పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. రెండు వారాలకో కొత్త అక్క వచ్చి ముద్దుచేసి, ఏడిపించి వెళ్లిపోతుంటే ఆ పసిమనసు ఏమవుతుంది? తల్లి కదా, మీకు నేను చెప్పాలా?

ఇదే మోజులో ఇంకో రకముంది, డిగ్రీ చేతికి రాగానే సొంత సంస్థ పెట్టెయ్యడం. ఎవరి దగ్గరా పని నేర్చుకోకుండా, లోగో ముందు, పని తర్వాత. మీ అమ్మాయి ఆ మాట అనలేదు కాబట్టి దాన్ని పొడిగించను.

అసలు పని ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. ఐదు వేలమంది ఇళ్లు పోగొట్టుకుని ఒక శిబిరానికి చేరారనుకుందాం. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలని ఉన్నాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 250 మందికి ఒక కుళాయి, 20 మందికి ఒక మరుగుదొడ్డి. అంటే రోజూ 75 వేల లీటర్లు, 20 కుళాయిలు, 250 మరుగుదొడ్లు. ట్యాంకర్ల బిల్లులు ఎవరు చూడాలి? మరుగుదొడ్లకు లోపల గడియ ఉందా, రాత్రి దారిలో లైటు ఉందా అని ఆడవాళ్లను ఎవరు అడగాలి? దాత ఇచ్చిన డబ్బులో ఈ నెల ఎంత మిగిలింది, వానలొచ్చేలోపు ఇంకో 50 మరుగుదొడ్లు కట్టగలమా? మీ అమ్మాయి కూర్చునే కుర్చీ ఇక్కడ ఉంటుంది. ఇందులో ఫోటో దిగేంత ఏమీ ఉండదు. కానీ ఆ లెక్క తప్పితే శిబిరంలో కలరా రావచ్చు.

కష్టాలు దాచను. మొదటిది డబ్బు. ఈ రంగం దాతల మీద నడుస్తుంది, దాత చెయ్యి వెనక్కి తీసుకుంటే ఉద్యోగాలు పోతాయి. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసినప్పుడు ఎన్నో దేశాల్లో అనుభవజ్ఞులు కూడా రోడ్డున పడ్డారు. రెండోది ప్రాణభయం. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం మీద బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. అందుకే ఆ తేదీని ప్రపంచ మానవతా దినంగా పాటిస్తున్నారు. 2024లో 380 మందికి పైగా సహాయ సిబ్బంది హతమయ్యారు. వాళ్లలో అత్యధికులు ఆయా దేశాల సొంత మనుషులే. అయితే అప్పుడే చదువు ముగించిన పిల్లను తీసుకెళ్లి ఎవరూ యుద్ధంలో దించరు. యుద్ధాల్లో, విపత్తుల్లో వైద్యం అందించే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ లాంటి సంస్థలు సాధారణంగా కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం లేనిదే అప్లికేషనే చూడవు.

అంటే ఏమిటి? మొదటి రెండేళ్లు ఆమెకు కావలసిందీ, మీరు కోరుకుంటున్నదీ ఒకటే: అకౌంట్స్‌లో గట్టి ఉద్యోగం. స్వచ్ఛంద సంస్థల ఆడిట్లు చేసే ఆఫీసు అయితే మరీ మంచిది. రేపు దాతలు డబ్బు ఆపేసినా, మనసు మారినా, ఆ పని చేతిలో ఉంటుంది. దిక్కెవరు అని అడిగారు కదా, మొదటి దిక్కు అదే. మిగతాది మనుషులు. ఈ రంగంలో కలిసి కష్టపడ్డవాళ్లు ఒకరినొకరు వదిలిపెట్టరు. నా విద్యార్థుల్లో చూసి చెప్తున్న మాట ఇది.

ఇక మీరడిగిన పోలిక. మానవతా సహాయం విపత్తు వెంట వెళ్తుంది: బదిలీలు, కాంట్రాక్టులు, ఒత్తిడి ఎక్కువ. కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఒకచోట ఏళ్ల తరబడి ఉండి చేసే పని, కుటుంబ జీవితానికి కాస్త అనుకూలం. సామాజిక మార్పు అంటే చట్టాలు, హక్కులు, సంఘటిత పోరాటాలు. జీతాలు తక్కువ, ఫలితం ఆలస్యం. ఏది నయమని అడిగితే నేను రెండోదాంతో మొదలుపెట్టమంటాను. కానీ వీటి మధ్య గోడలేం లేవు. అమెరికా సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ 1889లో షికాగోలో వలస కార్మికుల మధ్య ఇల్లు తీసుకుని హల్ హౌస్ అనే సేవాకేంద్రం మొదలుపెట్టింది. వీధుల్లో చెత్త కుళ్లి పిల్లలు జబ్బుపడుతుంటే, 1895లో తనే ఆ వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టర్ పదవి తీసుకుని, తెల్లవారుజామునే లేచి బండ్ల వెనక తిరిగింది. అక్కడి నుంచే ఆమె పని చట్టాల దాకా పాకింది. 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఆడమ్స్ గురించి ఇంకో సంగతి మీకోసం. ఆమె 1881లో కాలేజీ ముగించింది. మెడికల్ కాలేజీలో చేరి, అనారోగ్యంతో మానేసింది. తర్వాత ఏళ్లపాటు ఏం చెయ్యాలో తోచక కుమిలిపోయింది. హల్ హౌస్ తలుపు తెరిచేసరికి ఆమెకు 29. మీ అమ్మాయికి ఇంకా డిగ్రీ కూడా పూర్తి కాలేదు. అంత టెన్షన్ అక్కర్లేదు.

ట్రిప్‌కు అడ్వాన్స్ ఇంకా కట్టి ఉండకపోతే, ఇక కట్టకండి. దానికి బదులు మీకు దగ్గర్లో నిజంగా పనిచేస్తున్న ఒక సంస్థను వెతకమనండి. వారానికి ఒక పూట, ఏడాది పాటు, అదే చోటికి వెళ్లి వాళ్ల లెక్కలు రాసిపెట్టమనండి. ఎక్కడ చేరబోతున్నా నాలుగు ప్రశ్నలు అడగడం నేర్పండి: కాంట్రాక్టు ఎన్నాళ్లు, బీమా ఎవరు కడతారు, ప్రమాదమొస్తే బయటికి తీసుకొచ్చే బాధ్యత ఎవరిది, పై అధికారి తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి. సూటిగా జవాబు చెప్పని చోట చేరకూడదు.

మాన్పించమని అడిగారు, నేను ఆ పని చెయ్యను. ఆమెను కూడా నాకు రాయమనండి. అంతకన్నా ముందు మీ ఉత్తరం ఆమెకు చూపించండి, ముఖ్యంగా ఆ చివరి వాక్యం.