అడ్మిషన్ ఫారంలో సంతకం ఉంటే పిల్లల ఫోటోలు ప్రచారానికి వాడుకోవచ్చా?

ప్రశ్న: మాది పదో తరగతి వరకు ఉన్న ప్రైవేటు పాఠశాల. వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఫేస్‌బుక్ పేజీకి కొత్త ఫోటోలు తీయిస్తున్నాం. నిలబెట్టి తీస్తే పిల్లలు బిగుసుకుపోతున్నారని, వాళ్లకు తెలియకుండా తరగతిలో, ఆటస్థలంలో తీయమని ఫోటోగ్రాఫర్‌కు చెప్పాం. ‘పాఠశాల కార్యక్రమాల ఫోటోలు వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను’ అని తల్లిదండ్రులు అడ్మిషన్ ఫారంలో సంతకం చేసే ఉన్నారు. ఒక తల్లి మాత్రం తన కూతురి ఫోటో ఎక్కడా వేయవద్దంటున్నారు. ఆ సంతకం సరిపోదా?
– ఒక కరస్పాండెంట్

జవాబు: సరిపోదు. వార్షికోత్సవంలో నృత్యం చేసిన పాప ఫోటోను పాఠశాల పత్రికలో వేయడం వేరు, అదే ముఖాన్ని అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద బస్టాండు ఎదురుగా కట్టడం వేరు. మీ ఫారంలోని వాక్యం మొదటిదానికి మాత్రమే పనికొస్తుంది.

అనుమతి లేకుండా ఒకరి పేరును గానీ రూపాన్ని గానీ ప్రకటనలకు వాడితే అది గోప్యతకు భంగమేనని ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. ఫోటో లాంటి వారి వ్యక్తిగత డేటా వాడాలంటే తల్లి లేదా తండ్రి నుంచి నిర్ధారించుకోదగిన అనుమతి, అంటే ఇచ్చింది నిజంగా వాళ్లేనని సరిచూసుకోగలిగిన అనుమతి తీసుకోవాలి. ఈ బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువును చూసుకుని ఈ ఏడాదికి ఇలాగే కానిద్దామనుకోకండి. గోప్యత హక్కు ఇప్పటికే ఉంది.

అందుకే ప్రచారానికి విడిగా ఒక అనుమతి పత్రం తయారుచేయండి, తెలుగులో కూడా ఇవ్వండి. ఫోటో ఎక్కడెక్కడ వాడతారో, ఎంతకాలం వాడతారో అందులో స్పష్టంగా రాయండి. సంతకం చేయకపోతే సీటుకు గానీ, బడిలో పాపను చూసే తీరుకు గానీ ఏ ఇబ్బందీ ఉండదని, ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా చేర్చండి.

ఇక ‘తెలియకుండా’ తీయడం. దీనికి నేను ఒప్పుకోను. ఫోటో సహజంగా రావడానికి చాటుగా తీయనక్కరలేదు. ముందురోజు అసెంబ్లీలో పిల్లలకు చెప్పండి, ఇష్టం లేనివాళ్లు చెప్పుకునే వీలివ్వండి. మర్నాడు మొదటి పీరియడ్ నుంచే ఫోటోగ్రాఫర్‌ను తరగతిలో ఉండనివ్వండి. కాసేపు అందరూ అటే చూస్తారు, తర్వాత ఎవరి లెక్కల్లో వాళ్లు పడతారు. మీకు కావలసిన ఫోటోలు అప్పుడు వస్తాయి.

అలాంటి ఫోటోల్లోనే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. వాటిని కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూడండి. పాప మెడలోని గుర్తింపు కార్డు మీద పేరు, తరగతి, తండ్రి ఫోను నంబరు, బల్ల మీది నోటుబుక్కు లేబుల్‌పై ఇంటిపేరుతో సహా అన్నీ చదవగలిగేలా ఉండవచ్చు. ఫోటోలు తీసే వేళ కార్డులు తీయించండి. మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదుల దరిదాపులకు కెమెరా వెళ్లకూడదు. ఫోటోగ్రాఫర్ వెంట ఒక ఉపాధ్యాయురాలు ఉండాలి. అతను తన సొంత పేజీలో ఆ ఫోటోలు పెట్టకూడదని ఒప్పందంలో రాయించండి. డబ్బిచ్చి తీయించారు కాబట్టి కాపీరైటు సాధారణంగా మీదే అవుతుంది, కానీ కాపీరైటు ఉన్నంత మాత్రాన పిల్లల ముఖాలను ప్రకటనల్లో వాడే హక్కు రాదు.

ఆ తల్లిని కారణం అడగకండి. విడిపోయిన భర్తకు బిడ్డ చదివే చోటు తెలియకూడదన్న భయం కావచ్చు, మరేదైనా కావచ్చు. మీకు చెప్పాల్సిన పని ఆమెకు లేదు. ఫోటోల కోసమని ఆ పాపను తరగతి బయట నిలబెట్టడం మాత్రం వద్దే వద్దు. అందరితో పాటే కూర్చోనివ్వండి, ఆ పాప పడిన ఫోటోలను పక్కన పెట్టి తొలగించండి. ఆ పాప ఫోటోతో ఇప్పటికే ఏదైనా ఫ్లెక్సీ కట్టి ఉంటే ఈరోజే దింపించి, పేజీలోంచి తీసేసి, ఆ సంగతి తల్లికి రాతపూర్వకంగా తెలియజేయండి.